మౌనమునకు దీపము పట్టినవాడు

1803వ సంవత్సరమున, డబ్లిను నగరమందు రాబర్ట్ ఎమ్మెట్ అను యువకుడు ఆంగ్లేయ ప్రభుత్వముపై తిరుగుబాటు లేవదీసి, అది విఫలము కాగా దాగియున్న దినములలో, అతని యింట పరిచారిక వేషమున మెలగుచు వార్తలు చేరవేయుచుండిన ఆన్ డెవ్లిన్ అను పల్లెపడుచును సైనికులు పట్టుకొని, ఒక బండిని నిలువున లేపి, దానినే ఉరికొయ్యగా చేసి, మెడకు త్రాడు బిగించి, ప్రాణము పోవుటకు రెప్పపాటు కాలము మిగిలియుండగా దింపి, నాయకుని జాడ చెప్పుమని అడిగిరి. ఆమె చెప్పలేదు. కిల్‌మెయినమ్ కారాగారమున ఏండ్ల తరబడి బంధించిరి, ఇంటిల్లపాదిని చెరపట్టిరి, చిన్నతమ్ముని ప్రాణము ఆ చెరలోనే సోకిన జ్వరమునకు బలియయ్యెను, చెప్పినచో ధనమిత్తుమని ఆశ చూపిరి, కడకు ఎమ్మెట్ తానే పట్టుబడిన పిదప, ఇక దాచి ప్రయోజనము లేదు, తన పేరు చెప్పి బ్రతుకుమని ఆమెను వేడుకొనెనందురు. అప్పుడును ఆమె పెదవి విప్పలేదు.

ఈ కథను 1984లో పాట్ మర్ఫీ అను దర్శకురాలు 'ఆన్ డెవ్లిన్' అను పేరుతోనే చలనచిత్రముగా నిర్మించినది. ఉపన్యాసము లిచ్చు వీరుని తెరపై చూపుట సులువు. అతడు మాటాడుచుండును, మనము వినుచుందుము. కాని ఏమియు చెప్పకుండుటయే తన వీరత్వమైన స్త్రీని చూపవలెనన్నచో దర్శకునికి సంభాషణము తోడుపడదు. ఆ భారమంతయు నటి ముఖముపైనను, ఆ ముఖముపై పడు వెలుగుపైనను నిలుచును. బ్రీద్ బ్రెన్నన్ అను నటి ఆ ముఖము నిచ్చినది. ఆ వెలుగును కూర్చినవాడు థాడియస్ ఓ సలివన్. పురాతన చిత్రకారుల పటములను తలపించు నిశ్చలమైన దీర్ఘదృశ్యములలో, తొందరపడక, ఆమె మౌనము పరిపక్వమగువరకు వేచియుండు ఆ ఛాయాగ్రహణమును గూర్చి ఐర్లండు చలనచిత్ర చరిత్రకారులు నేటికిని ఆదరముతో ప్రస్తావింతురు.

ఛాయాగ్రాహకుడనగా కెమెరా వెనుక నిలిచి మీట నొక్కువాడని సామాన్యముగ జనులనుకొందురు. సెకనుకు 24 పటములు చొప్పున ఫిల్ముపై ముద్రితమగు ఆ యంత్రవ్యాపారము అతని పనిలో అత్యల్పభాగము. ఏ లెన్సు వాడవలెను, ఎంత దూరమున నిలువవలెను, కాంతి ఏ దిక్కునుండి ఎంత రావలెను, ముఖములో ఏ పార్శ్వము చీకటిలో మిగులవలెను అను నిర్ణయములన్నియు అతనివి. ప్రేక్షకుడు వానిని గమనింపడు, కాని వానికి లోబడియే కథను నమ్మును. అందునను ఐర్లండులో ఈ పని మరియు కఠినము. డబ్లిను భూమధ్యరేఖకు ఉత్తరముగ 53 డిగ్రీల దూరమున నున్నది. జూన్ మాసమున రాత్రి పది దాటినను సంధ్య వాడదు; డిసెంబరులో సాయంత్రము నాలుగు కాగానే ప్రొద్దు గ్రుంకును, ఆ స్వల్పకాలము సైతము సూర్యుడు మిట్టమధ్యాహ్నమున కేవలము 13 డిగ్రీల యెత్తున దిగంతము నంటిపెట్టుకొని నడచును. పైన మేఘములు, వాని నడుమ నుండి క్షణమాత్రము జారిపడి మాయమగు ఎండ. తెరపై ఒక్క నిమిషముగ కనిపించు సన్నివేశమును ఉదయమునుండి సాయంకాలమువరకు ముక్కలు ముక్కలుగ తీయవలసి యుండగా, గడియకొక రంగు మార్చు ఆకాశము క్రింద ఆ ముక్కలన్నియు ఒకే నిమిషమునకు చెందినవని నమ్మించుట సామాన్యమైన విద్య కాదు. మన దేశపు నిలకడయైన యెండకు అలవడిన కన్నులకు ఆ కష్టము ఊహకైన అందదు.

ఓ సలివన్ 1947లో డబ్లినులో జన్మించెను. 1916 నాటి ఈస్టరు తిరుగుబాటునకు స్వర్ణోత్సవములు జరిగిన 1966వ సంవత్సరముననే, వేలకొలది ఐరిష్ యువకులవలె అతడును లండను చేరెను. జాతి స్వాతంత్ర్యమును కీర్తించుచున్న దేశము తన బిడ్డలకు పని చూపలేక పొరుగుదేశమునకు పంపుచుండుట ఆ తరము అనుభవించిన వేదన. అతని తొలిచిత్రములకు వస్తువైనది కూడ అదియే. ఈలింగ్ కళాశాలలోను, పిదప రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లోను అతడు విద్య నభ్యసించెను. 1975లో తీసిన 'ఎ పింట్ ఆఫ్ ప్లెయిన్', 1978లో తానే వ్రాసి దర్శకత్వము వహించిన 'ఆన్ ఎ పేవింగ్ స్టోన్ మౌంటెడ్' అను నలుపుతెలుపు చిత్రము, రెండును లండనులోని ఐరిష్ వలసజీవుల గూర్చినవే. రెండవ దానిలో కథ ఒక త్రోవన సాగదు. వలసపోయినవాని జ్ఞాపకమువలెనే అది ముందువెనుకలు తప్పి, వాస్తవమునకును కల్పనకును నడుమ తిరుగాడుచుండును. పల్లెటూరి కథకుల సంప్రదాయమున ఖ్యాతి గాంచిన ఏమన్ కెల్లీ అందులో కనిపించును. పిమ్మట జగద్విఖ్యాతుడైన గాబ్రియెల్ బర్న్ కూడ తెరపై తొలినాళ్లలో అడుగిడినది ఆ చిత్రమందే. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి ద్రవ్యసహాయముతో తీసిన చిత్రమది. ఐరిష్ వలసవానిని గూర్చిన చిత్రమునకు ఆంగ్లదేశపు సంస్థ సొమ్మిచ్చుట ఆనాటి స్థితిని తెలుపుచున్నది.

ఆ స్థితిని కొంత వివరింపవలెను. ఐర్లండును ప్రపంచము చిత్రములలో చిరకాలముగ చూచుచునే యున్నది. కాని ఆ చూపు పరాయివారిది. 1952లో జాన్ ఫోర్డ్ అమెరికానుండి వచ్చి 'ది క్వయట్ మ్యాన్' తీసెను. 1970లో డేవిడ్ లీన్ ఇంగ్లండునుండి వచ్చి 'ర్యాన్స్ డాటర్' తీయగా, ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్‌కు ఆస్కారు బహుమానము లభించెను. పచ్చిక బయళ్లు, రాతిగోడలు, కెరటములు విరుగు కొండచరియలు, ఎఱ్ఱజుట్టు పడుచులు: ఇవియే ఐర్లండని లోకము నమ్మినది. 1958లో ఆర్డ్‌మోర్ స్టూడియో వెలసినను అది ప్రధానముగ విదేశీయులకే నెలవైనది. స్వదేశీయ చిత్రములకు తోడ్పడుటకై ప్రభుత్వము 1981లో ఫిల్మ్ బోర్డును నెలకొల్పి, 1987లో మూసివేసి, 1993లో మరల తెరచినది. ఈ మూసివేతల తెరపుల నడుమ, బాబ్ క్విన్, జో కామర్‌ఫోర్డ్, కాహల్ బ్లాక్, పాట్ మర్ఫీ మొదలగు కొలదిమంది చేతిలో చిల్లిగవ్వ లేకున్నను తమ దేశమును తమ కన్నులతో చూపుటకు పూనుకొనిరి. వారిలో పలువురికి కన్నుగా నిలిచినవాడు ఓ సలివన్.

కామర్‌ఫోర్డ్ 1981లో తీసిన 'ట్రావెలర్' సంచారజాతి యువదంపతుల కథ. నీల్ జోర్డాన్ రచన. ఆ జంటలోని పురుషుడు డేవీ స్పిల్లేన్, సన్నాయివంటి ఐరిష్ వాద్యమున తరువాత పేరొందిన విద్వాంసుడు. కాహల్ బ్లాక్ తీసిన 'పిగ్స్' డబ్లినులో శిథిలమైన పాతభవనమున ఆశ్రయము పొందిన నిర్భాగ్యుల చిత్రము. ఈ రెండింటికిని ఛాయాగ్రాహకుడు ఓ సలివనే. కాని అన్నిటికంటె ప్రస్తావించదగినది బ్లాక్ తీసినదే, 1981 నాటి 'అవర్ బాయ్స్' అను చిన్నచిత్రము. క్రిస్టియన్ బ్రదర్స్ అను కాథలిక్ మతసంఘము నడపు బాలుర పాఠశాలలో పిల్లలచేత ననుభవింపజేసిన దండనలను, పెరిగి పెద్దవారైన పూర్వవిద్యార్థుల సాక్ష్యములతోను, కల్పితదృశ్యములతోను కలిపి చూపిన చిత్రమది. జాతీయ టెలివిజన్ సంస్థ యైన ఆర్.టి.ఇ. నిర్మాణమునకు సాయపడియు, దానిని సుమారు పదేండ్లవరకు ప్రసారము చేయలేదు. పిల్లలుగా నున్నప్పుడు చెప్పుకొనలేక, పెద్దవారై నోరు తెరచి చెప్పినవారి మాట మరల పదేండ్లు పెట్టెలో మూతపడియుండినది. ఆ చిత్రము తీయుటకు వెలుగు పట్టిన చేతికి, మౌనమనునది ఒక వ్యక్తి స్వభావము మాత్రమే కాదనియు, ఒక్కొక్కప్పుడు దేశమంతయు కట్టుకొను గోడ యనియు తెలియకుండ నుండునా?

ఇక్కడినుండి ఇతని వృత్తిజీవితమును నేనొక సూత్రముపై చూచుచున్నాను. ఆన్ డెవ్లిన్ పేరు చెప్పలేదు. 1987లో ఆండ్రూ గ్రీవ్ దర్శకత్వమున, బ్రూస్ చాట్విన్ నవలను అనుసరించి వచ్చిన 'ఆన్ ది బ్లాక్ హిల్' చిత్రమునకు ఓ సలివన్ కెమెరా పట్టెను. వేల్సు, ఇంగ్లండుల సరిహద్దున, ఆ సరిహద్దురేఖ మెట్లనడుమ నుండి పోవుచున్న దని చెప్పుకొను ఒక రైతు యింట, కవలసోదరు లిద్దరు ఒక శతాబ్దమంత జీవితమును దాదాపు మాటలు లేకయే ఒకరి మనసు నొకరెరిగి గడుపుదురు. ఆ యిరువురి పాత్రలను నిజముగా అన్నదమ్ములైన మైక్, రాబర్ట్ గ్విలిమ్‌లు ధరించిరి. కొండ, మబ్బు, పొలము, వంటయింటి మంట, ఈ నాలుగింటితో ఆ మౌనమును కెమెరా ఎట్లు పలికించినదో చూచినవారికి, దాని తరువాత వచ్చిన 'డిసెంబర్ బ్రైడ్' ఆకస్మికముగ తోచదు. ఇల్లొకటి, సోదరు లిద్దరు, వెలుపల పెద్దయాకాశము; ఈ పర్యాయము వారి నడుమ ఒక స్త్రీ.

దానికి మునుపే 1985లో షాన్ ఓ ఫెలాన్ కథ ననుసరించి 'ది వుమన్ హూ మారీడ్ క్లార్క్ గేబుల్' అను చిన్నచిత్రమునకు అతడు దర్శకత్వము వహించియుండెను. 1930వ దశకపు డబ్లినులో, పిల్లలు లేని యొక గృహిణి, మీసము పెంచిన తన ఆంగ్లేయ భర్తను హాలీవుడ్ నటుడు క్లార్క్ గేబులని భ్రమించి మురియును. బ్రెండా ఫ్రికర్, బాబ్ హాస్కిన్స్ ఆ దంపతులు. నవ్వు తెప్పించు కథయేకాని, నవ్వు క్రింద సంతానము లేని యింటి నిశ్శబ్దమున్నది. చలనచిత్రము ఒక సామాన్యస్త్రీ జీవితములో ఏ లోటును పూరించునో, ఆ విద్యకు చెందినవాడే ఇంత సానుభూతితో చూపుట నన్ను కదిలించినది.

'డిసెంబర్ బ్రైడ్' 1990 నాటిది. శామ్ హానా బెల్ 1951లో వెలువరించిన నవల దానికి మూలము. డేవిడ్ రడ్కిన్ స్క్రీన్‌ప్లే వ్రాసెను. ఇరువదవ శతాబ్దపు తొలిదినములు. ఉత్తర ఐర్లండులో స్ట్రాంగ్‌ఫర్డ్ లాఖ్ అను సముద్రపుపాయ గట్టున, నియమనిష్ఠలు గల ప్రెస్బిటేరియను రైతుల గ్రామము. సారా అను యువతి తల్లితోకూడ ఎక్లిన్ అను రైతు యింటికి పనిమనిషిగా వచ్చును. వృద్ధుడైన యజమాని, అతని కుమారులు హామిల్టన్, ఫ్రాంక్. ఒకనాడు తుపానులో పడవ బోర్లపడగా, అందరి బరువును మోయలేని ఆ పడవను పట్టుకొన్న చేతిని వృద్ధుడు తానుగ విడిచి, కుమారులను, సారాను బ్రతికించి, నీటిలో మునిగిపోవును. ఆ త్యాగమునుండియే ఆ ముగ్గురి బంధము పుట్టినదని నా యభిప్రాయము. పిదప తల్లి వెడలిపోయినను సారా ఆ యిల్లు విడువదు. సోదరు లిద్దరితోను ఆమె సంబంధము బలపడును, బిడ్డ పుట్టును, బిడ్డ తండ్రి ఎవరో ఆమె చెప్పదు, ఇద్దరిలో నొకరిని వివాహమాడి మర్యాద నిలుపుకొనుమని గ్రామపు మతగురువు వచ్చి బోధించినను ఆమె అంగీకరింపదు. ఊరివారి క్రోధము కాలక్రమమున ఫ్రాంకు దేహముపై పడి, అతనిని జీవితాంతము కుంటివానిని చేయును. అయినను ఆ యింటి తలుపు ఆ యింటివారిదే. ఏండ్లు గడచి కుమార్తె పెండ్లియీడుకు వచ్చి, ఆమె సుఖమునకై తల్లి వివాహితగా నుండుట అవసరమైనప్పుడు, జీవితపు శీతకాలమున సారా పెండ్లికూతురగును. చిత్రమునకు ఆ పేరు వచ్చినది అందువలననే.

సారాగా సాస్కియా రీవ్స్, హామిల్టనుగా డోనల్ మెకాన్, ఫ్రాంకుగా సీరన్ హైండ్స్ నటించిరి. వారి మాటలు మితము. డోనల్ మెకాన్ ఒక దృశ్యమున తలయెత్తి చూచి తల దించుటలో నున్న ప్రేమ, పదిపుటల సంభాషణలో నుండదు. ఆ గ్రామము ఎదుట నిలుచు నీరు, నీటిపై ఆనుకొన్న ఆకాశము, వాని నడుమ ఒంటరియైన యిల్లు, ఇవి అలంకారములు కావు. ఈ ముగ్గురును లోకమునకు దూరమగుట ఎంత విశాలమైన స్వేచ్ఛయో, ఎంత చలిగల శిక్షయో అవి ఏకకాలమున చెప్పును. ఊరిలో లాంబెగ్ అను మహాభేరి మ్రోగినప్పుడు, ఆ వర్గపు కట్టుబాటు అంతయు ఒక్క చర్మవాద్యమున దడదడలాడుచున్నట్లుండును. ఆ ధ్వని ముందు సారా మౌనము మరియు దృఢమైనదిగ తోచును.

ఈ చిత్రమునందలి ఒక విశేషమును పాఠకులు మరువరాదు. పదునైదేండ్లు కెమెరా పట్టిన ఈ మనిషి, తన జీవితములో ముఖ్యమైన చిత్రమునకు కెమెరాను మరొకరి చేతి కిచ్చెను. ఫ్రాన్సుదేశమునకు చెందిన బ్రూనో డి కీజర్ ఆ చిత్రమునకు ఛాయాగ్రాహకుడు. బెర్ట్రాండ్ టావెర్నియే తీసిన 'ఎ సండే ఇన్ ది కంట్రీ' చిత్రమునకు అతడు సెజార్ బహుమానము పొందినవాడు. తన విద్యను తానే ప్రదర్శింపవలెనను ఆశ ఎవరికి నుండదు? కాని కెమెరా రంధ్రమున కన్ను పెట్టినవాడు పటపు అంచులను, నీడల పొందికను చూచుచుండును. నటుని ముఖమున మెరసి మాయమగు భావమును చూచుటకు దర్శకుని కన్నులు రెండును స్వేచ్ఛగ నుండవలెను. తనకు చేతనైనదానిని వదలుకొనుటవలననే అతడు దర్శకుడయ్యెనని నా విశ్వాసము. ఆ యేడు ఐరోపా చలనచిత్ర బహుమానములలో 'డిసెంబర్ బ్రైడ్'కు న్యాయనిర్ణేతల ప్రత్యేకపురస్కారము లభించెను.

మరియొక సంగతి. ఓ సలివన్ దక్షిణమున డబ్లినులో పుట్టినవాడు. ఉత్తరపు ప్రొటెస్టంటు గ్రామమును లోపలినుండి, శత్రువుగా గాక మనిషిగా చూపిన ఐరిష్ చిత్రములు అంతకుముందు అత్యల్పములు. ఆ గడపను అతడు మరియొకమారు, మరింత అపాయకరమైన వేళ దాటెను. 1995 నాటి 'నథింగ్ పర్సనల్' 1975లో బెల్‌ఫాస్టు నగరమున కాల్పుల విరమణ నెలకొన్న కాలపు కథ. డేనియల్ మోర్నిన్ నవల దానికి ఆధారము. బ్రిటనుతో ఐక్యము కోరు సాయుధదళము వారే ప్రధానపాత్రలు. వారి నాయకుడు కెన్నీ. వాని చెలికాడు, హత్యయే వ్యసనమైన జింజర్. ఒకరాత్రి గాయపడి దారితప్పి వారి వాడలోనికి వచ్చిన లియమ్ అను కాథలిక్ తండ్రి. బంధించి తెచ్చిన వ్యక్తి తన బాల్యములో ఎరిగిన వాడని కెన్నీకి తెలిసిన క్షణమున చిత్రము ఊపిరి బిగబట్టును. ఈ రాత్రికథకు కెమెరా పట్టినవాడు డిక్ పోప్. డబ్లిను వీథులే బెల్‌ఫాస్టు వీథులుగ మారినవి. జింజరుగా నటించిన ఇయన్ హార్ట్ వెనిస్ ఉత్సవమున సహాయనటునిగా వోల్పీ బహుమానము పొందెను. ఎదుటి వర్గమును మంచివారుగా చూపుట ఇతని ఉద్దేశము కాదు. ఎదుటివారి యింటిలోనికి పోయి, ఆ భయము ఆ దీపపు వెలుగులో ఎట్లుండునో చూచుటయే.

అటుపిమ్మట వచ్చిన చిత్రములన్నియు ఈ యెత్తున నిలువలేదని చెప్పుట ధర్మము. 2000లో వచ్చిన 'ఆర్డినరీ డీసెంట్ క్రిమినల్', డబ్లిను గజదొంగ మార్టిన్ కాహిల్ జీవితము ప్రేరణగా తీసినది. అదే వ్యక్తిపై జాన్ బూర్మన్ అంతకు రెండేండ్ల ముందే తీసిన 'ది జనరల్' ముందు ఇది తేలిపోయినది. వాచాలుడైన నాయకుడు ఓ సలివన్ స్వభావమునకు పొసగలేదేమో! 2002లో రోజమండ్ లేమన్ నవలపై తీసిన 'ది హార్ట్ ఆఫ్ మీ'లో అక్కాచెల్లెండ్ర నడుమ చెప్పుకొనని వేదనకు అతడు మరల వచ్చెను. 2009లో టెలివిజనుకై తీసిన 'ఇంటు ది స్టార్మ్'లో ఐరిష్ నటుడు బ్రెండన్ గ్లీసన్ చేత విన్‌స్టన్ చర్చిల్ పాత్ర నటింపజేయగా, అతనికి ఎమ్మీ బహుమానము దక్కెను.

2011 నాటి 'స్టెల్లా డేస్'ను మాత్రము త్వరగ దాటిపోలేను. 1950వ దశకమున, టిప్పరేరి మండలమందలి బారిసకేన్ అను చిన్నయూరికి విద్యుత్తు వచ్చుచున్న కాలము. సినిమాపై మక్కువ గల గ్రామపురోహితుడొకడు, చర్చి నిర్మాణమునకు నిధులు కూర్చు మిషతో ఊరిలో సినిమాహాలు తెరువ బూనును. మైకేల్ డోర్లీ వ్రాసిన జ్ఞాపకములు దానికి మూలము. పురోహితుడుగ నటించిన అమెరికను నటుడు మార్టిన్ షీన్‌కు ఆ యూరు కేవలము కథాస్థలము కాదు. అతని తల్లి పుట్టినిల్లు అదియే. ఊరిలోనికి దీపపు వెలుగును, తెరపై బొమ్మను ఒకేమారు తెచ్చిన ఆ కథలో, వెలుగుకు భయపడువారిని సైతము ఓ సలివన్ తక్కువగ చూడలేదు.

2023లో, 76వ యేట, అతని 'ది మిరకిల్ క్లబ్' వెలువడెను. మ్యాగీ స్మిత్, క్యాథీ బేట్స్, లారా లిన్నీ అందు ప్రధాననటులు. డబ్లినులోని యొక కల్పితమైన వాడనుండి కొందరు స్త్రీలు ఫ్రాన్సులోని లూర్డు తీర్థమునకు స్వస్థతలకై యాత్ర పోవుదురు. నలువదేండ్ల క్రిందట ఊరినుండి వెళ్లగొట్టబడి అమెరికాలో బ్రతికిన క్రిస్సీ, తల్లి అంత్యక్రియల వేళ తిరిగివచ్చి, వారితో ప్రయాణమగును. ఆమె ఎందుకు వెడలవలసివచ్చినదో అందరికి తెలియును. ఎవరును నోటితో చెప్పరు. ఆ మాట బయటికి వచ్చుటకే అంతదూరపు యాత్ర.

కథాకాలము 1967. అనగా పందొమ్మిదేండ్ల ఓ సలివన్ లండను చేరిన మరుసటి యేడు. తాను విడిచిపోయిన తరువాత ఆ వీథులలో ఎవరి గుమ్మమున ఎవరు నిలిచియుండిరో, ఏ కిటికీలో సాయంకాలపు దీపము వెలిగెనో అతడు ఆనాడు చూడలేదు; ఆ గుమ్మములను, ఆ కిటికీలను మరల కట్టించి, వాని ముందు కెమెరా నిలిపించి, తిరిగివచ్చిన స్త్రీ వీథి మొగదలనుండి నడచివచ్చుచుండగా చూచెను.